ఒకే పట్టం, రెండు ఫైళ్లు

సోమవారం ఉదయం ఫెలెటికి ఉన్నవి: షుగరు మాత్రలు మూడు రోజులకు సరిపడా, ఆక్లాండు ఆసుపత్రిలో, తానక్కడ ఉన్న పదేళ్లలో బాగా లావెక్కిన వైద్యం ఫైలు ఒకటి, నిరుడు ఊరివాళ్లు కట్టిన లేవాసా అనే పెద్దరికం పట్టం ఒకటి. సమోవాలోని ఆపియా ఆసుపత్రికి వెళ్లి, కంప్యూటరులో ఆ ఫైలు తెప్పించి, పాత మాత్రలే రాయించుకుని తొమ్మిదికల్లా కొట్టు తెరవాలని ఆయన ఏర్పాటు. ఫైలు చూడనిదే డాక్టరు మోతాదు రాయడు.

కంప్యూటరు ముందు ఉన్న నర్సు సీనా ఆయన ఊరి పిల్లే.

"తలోఫా, లేవాసా బాబాయ్! పేరు లేవాసా అని కొట్టేస్తున్నా."

"అక్కడ ఫైలు ఫెలెటి పేరున ఉందమ్మా. అదే కొట్టు."

సీనా నాలుక కరుచుకుంది. "అమ్మో! పట్టం ఉన్న మనిషిని చిన్నప్పటి పేరుతో రాస్తానా? మా అమ్మ చీపురు తిరగేస్తుంది."

"కంప్యూటరుకు మర్యాదలేమిటే?"

"దానికి లేకపోతే నాకైనా ఉండద్దూ!"

పుట్టినరోజు అడిగితే ఫెలెటి తన బాప్తిస్మం రోజు చెప్పాడు. ఆ ఊళ్లో అందరూ పాస్టరు పుస్తకంలోకి ఎక్కిన రోజే పుట్టారు. ఫైలు వెంటనే వచ్చింది. సీనా ఆయన వేలు గుచ్చింది. షుగరు ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. ఆ అంకె ఫైల్లో ఎక్కించి ఆక్లాండుకు పంపేసి, ఆయన్ని లోపలికి పంపింది.

ఫిజీ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు నైవాలు ఫైలు చదివాడు. "ఇవాళ్టి వరకు మీకు షుగరు లేదే!"

"లేదా?" ఫెలెటి మొహం వెలిగిపోయింది.

"లేదు. రెండు కాన్పులున్నాయి. రెండోది ఆపరేషను..." డాక్టరు తలెత్తి, ఆయన మీసం చూసి ఆగిపోయాడు.

ఆ కాన్పులు ఎవరివో ఫెలెటికి తెలుసు. సమోవాలో ఒకే పట్టాన్ని ఇద్దరు ముగ్గురికి కట్టడం మామూలే. ఆక్లాండులో ఉన్న ఆయన పెదనాన్న కూతురు మాలియా కూడా లేవాసాయే, ఆమె ఫైలూ ఆ పేరునే. బాప్తిస్మం ఇద్దరికీ ఒకే ఆదివారం.

ఆయన బయటికి పరుగెత్తాడు. "ఆ షుగరు వెనక్కి తీయమ్మా!"

"పంపడమే నేర్పారు బాబాయ్. తీయడం వచ్చే నెల నేర్పుతారట." పోనీ ఫెలెటి అని కొట్టమంటే ఆమె మళ్లీ నాలుక కరుచుకుంది.

మంగళవారానికి మాత్రలు రెండు రోజులకే ఉన్నాయి. మాలియా ఫోను చేసింది.

"ఒరేయ్ ఫెలెటీ, నీ షుగరు నా నెత్తిన రుద్దావేంట్రా? నేను సమోవాకు మకాం మార్చానని ఇక్కడ నా మోకాలి ఆపరేషను కూడా కొట్టేశారు!"

"నీ కాన్పులు రెండూ నా మీద పడ్డాయి. నేను నిన్నేమైనా అన్నానా?"

"నోర్ముయ్! రేపే వెళ్లి రక్తం ఇస్తా. నాకు చక్కెర లేదని రాయించుకుని గానీ లేవను."

బుధవారం ఫెలెటి చివరి మాత్ర మింగాడు. సాయంత్రం మళ్లీ ఫోను మోగింది. మాలియా గొంతు బాగా తగ్గింది.

"ఉందిటరా."

"ఏముంది?"

"షుగరు. నీకంటే ఎక్కువే. ఇంకో ఏడాది చూసుకోకపోతే కళ్లు పోయేవట. సరేలే. నీ ఫైలు కూడా వెతికించా, ఆపియాకు పంపిస్తున్నారు. ఇక్కడి ఆసుపత్రిలోనూ మనవాళ్లే. వాళ్లూ లేవాసా, లేవాసా అంటూ కూర్చుంటే, ఫెలెటి అని కొట్టి చావండి అన్నా. నేనూ లేవాసానే, నన్నెవడు తప్పుపడతాడు?"

గురువారం ఉదయం ఆపియాలో అసలు ఫైలు తెరుచుకుంది. డాక్టరు పాత మోతాదే రాశాడు. మాలియా ఆపరేషను మళ్లీ ఖాయమైంది, చక్కెర అదుపులోకి వచ్చాక.

అన్నీ కలిపి చూసుకుంటే ఫెలెటికి మూడు నెలల మాత్రలు దక్కాయి, మాలియాకు రెండు కళ్లూ దక్కాయి. నష్టమల్లా ఒక్కటే: ఉన్న ఇద్దరు లేవాసాలలో షుగరు లేనివాళ్లు ఇక ఎవరూ మిగల్లేదు.