అడ్జస్టయినవారికి అడ్జస్టయినంత

ఇంగ్లీషులో ఎన్ని లక్షల మాటలున్నాయో నాకు తెలియదు. ఎన్నున్నా దండగే! ఒక్క మాట చేతిలో ఉంటే చాలు, మనిషి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా నిశ్చింతగా గడిపేయొచ్చు. ఆ మాట ‘అడ్జస్ట్’. మిగతావన్నీ వాళ్లకే తిరిగి పంపించేద్దామని నా ప్రతిపాదన.

నమ్మకం కుదరలేదా? మా దర్జీ దగ్గరికి వెళ్లిరండి. జాకెట్టుకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి కుట్టి, “వేసుకుంటుంటే అడ్జస్టయిపోతుందమ్మా” అంటాడు. ఏది, గుడ్డా? కాదు, నా చెయ్యి!

వంటింటి కొళాయి తిప్పితే స్నానాలగదిలో నీళ్లాగిపోయేలా పైపులు బిగించాడు ప్లంబరు. “ఒకళ్ల తర్వాత ఒకళ్లు అడ్జస్ట్ చేసుకుంటే సరి” అని, మా కుటుంబ ఐకమత్యానికి పునాది వేసి వెళ్లాడు. కొత్తగా కట్టిన పన్ను చెంపని కొరుకుతోందంటే, “వారంలో మీ నోరే అడ్జస్టవుతుంది” అన్నాడు పళ్ల డాక్టరు. అయింది మరి! అప్పటినుంచి నేను ఒక పక్కనే నవ్వుతున్నాను. చూసినవాళ్లు వెటకారం అనుకుంటున్నారు. నాకు హాస్య రచయిత్రిగా పేరొచ్చింది కూడా ఆ పన్ను వల్లే.

అయితే ఈ విద్యలో నేను పట్టా పుచ్చుకున్నది మా ఇంట్లోనే.

రాసుకోవడానికి నాకో చిన్న బల్ల ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో ముందుగదిలో వేసుకున్నాను. టీవీ పెద్దదయింది. బల్ల పడగ్గదిలోకి అడ్జస్టయింది. పిల్ల పెద్దదయి, దాని పుస్తకాల బీరువా వచ్చింది. బల్ల నడవాలోకి వెళ్లింది. తర్వాత మా వారికి వ్యాయామం సైకిలు వచ్చింది. దానిమీద ఆయన చాలా శ్రద్ధగా తువ్వాళ్లు ఆరేస్తుంటారు. బల్ల వెనక వరండాలో వాషింగ్ మెషిన్ పక్కన చేరింది. మెషిన్ గిర్రున తిరిగినప్పుడల్లా బల్లకీ పూనకమే! ఫిర్యాదు కాదండోయ్. రచనలో చలనం ఉండాలంటారుగా?

కిందటి నెల మా మరిది, మా ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటానని నెల్లాళ్లకి దిగాడు.

“వాడికి బల్ల కావాలి. నీదెలాగూ ఖాళీయేగా” అన్నారు మా వారు.

“మధ్యాహ్నాలు నేను రాసుకుంటానండీ.”

“అబ్బ, నెల్రోజులు అడ్జస్టవలేవా? అటక మీద స్టూలేదో ఉండాలి చూడు.”

“థాంక్స్ వదినా! నువ్వు గ్రేట్” అన్నాడు మరిది, అప్పటికే బల్ల మోసుకుపోతూ.

అదిగో, అప్పుడే నాకు జ్ఞానోదయమయింది. ఇంత సుఖాన్ని ఇన్నేళ్లుగా ఒక్కదాన్నే మింగుతున్నానే! ఎంత స్వార్థం! ఇంటిల్లిపాదికీ పంచొద్దూ?

మర్నాడు నా కాగితాలు, నిఘంటువులు, పత్రికల కట్టలు తెచ్చి భోజనాల బల్ల నిండా పరిచాను. భోజనాల వేళయినా తీయలేదు.

“కంచాలెక్కడ పెట్టుకోవాలి?” అన్నారు మా వారు.

“ఒళ్లో. నెల్రోజులేగా, అడ్జస్టవండి.”

మొదటి పూట నవ్వులాటగానే గడిచింది. రెండో పూట మరిది చొక్కా సగం కూర తినేసింది. మూడో పూటకి మా వారి మోకాళ్లు పట్టేశాయి. సోఫాలో అన్నదమ్ముల సభ మొదలైంది.

“ఇదేం పద్ధతే? మనిషన్నవాడు కుదురుగా కూర్చుని తినొద్దా?” అన్నారు మా వారు.

“అవునొదినా, మరీ ఇలాగైతే...” అని అందుకున్నాడు మరిది.

నా పక్కన కూర్చుని తింటున్న మా అత్తగారు కంచం కింద పెట్టారు.

“ముప్ఫై ఏళ్లు వంటింటి గట్టుకి ఆనుకుని, నించునే తిన్నాన్రా. కూర్చుని తిన్నావా అని మీ నాన్న అడిగాడా? మీరడిగారా? రెండ్రోజులకే మోకాళ్లట, మోకాళ్లు!”

మరిది కంచంలోకి చూసుకున్నాడు. మా వారు లేచి వెళ్లి, కడిగిన చేతినే మళ్లీ మళ్లీ కడిగి, చాలాసేపటికి వచ్చారు.

“సరే, వాడు ఎక్కడో అక్కడ కూర్చుంటాడులే. నీ బల్ల ఎక్కడ వేయమంటావో నువ్వే చెప్పు. ఎక్కడంటే అక్కడే.”

విన్నారా? ఇన్నేళ్లకి మా ఇంట్లో నా ఇష్టమేమిటని అడిగారు! విజయగర్వంతో నోరు తెరిచాను. లోపల్నుంచి మాట దానంతటదే బయటికొచ్చింది.

“ఎక్కడైనా పర్లేదండీ. నేను అడ్జస్టవుతాను.”

గొంతు నాదే! పక్కకి తిరిగి చూసుకున్నాను కూడా, ఇంకెవరైనా అన్నారేమోనని.

పక్కన మా అత్తగారే ఉన్నారు. నా మొహం వైపైనా చూడకుండా, తొడ మీద ఒక్క గిల్లు గిల్లారు.

“అమ్మో! ముందుగదిలో! ఆ టీవీ తీసేసి, అక్కడ!”