నక్క డాక్టరు పెప్టైడ్ చుక్కలు

ఒక పెద్ద అడవిలో జంతువులకి మతిమరుపు పట్టుకుంది. కోతి చెట్టెక్కి, "ఎందుకెక్కానబ్బా?" అని తల గోక్కుంటూ కూర్చునేది.

అందరికన్నా కష్టం ఉడత చారలమ్మది. వానాకాలానికని దాచిన గింజలు ఏ తొర్రలో పెట్టిందో గుర్తు రావట్లేదు. ఇంట్లో నలుగురు పిల్లలు. వాన చూస్తే రేపో మాపో!

కారణం అందరికీ తెలుసు. సింహం మహారాజు రోజూ పొద్దున్నే సమీక్షా సమావేశం పెట్టి గర్జించేది. ఆ దెబ్బకి బుర్రలో ఉన్నది కాస్తా ఎగిరిపోయేది. చెవులు మూసుకుంటే రాజద్రోహం. ఇంక చెప్పేదెవరు?

నక్క డాక్టరు జిత్తయ్య మాత్రం సీసా పట్టుకొచ్చింది.

"మహారాజా! ఒత్తిడిలో మెదడుని కాపాడే పెప్టైడ్ కనిపెట్టాను. జంతువుల మీద ప్రయోగమే తరువాయి."

"పెప్టైడంటే ఏంటయ్యా?"

"చిన్న మాంసకృత్తి ముక్క, ప్రభూ."

"మాంసమా! మంజూరు!"

ప్రయోగాలకి అనుమతిచ్చే నైతిక సంఘం అధ్యక్షుడు గాడిద చదవకుండానే సంతకం పెట్టి, మిగతా కాగితాలు నమిలేసింది.

పోల్చి చూడ్డానికని సగం మందికి మందు చుక్కలు, సగం మందికి ఉత్త నీళ్లు. ఎవరికేదో నక్కకే తెలుసు. "ఒత్తిడి లేకపోతే ప్రయోగమెలా? రోజుకి ఆరుసార్లు గర్జించాలి ప్రభూ," అంది. సింహం మూడు రోజులు దంచి కొట్టింది. నాలుగో రోజు నోరు తెరిస్తే 'కీచ్' మంది. గొంతు పోయింది.

వారం రోజులు అడవి హాయిగా ఉంది. కోతికి చెట్టెందుకెక్కిందో గుర్తొచ్చింది. చారలమ్మ మద్దిచెట్టు తొర్రలో గింజలు చూసుకుని ఏడ్చినంత పని చేసింది.

"చూశారా నా మందు!" అని నక్క సన్మాన సభ పెట్టించుకుంది. శాలువా కప్పుకుని, ప్రయోగం పద్ధతి ప్రకారం నీళ్లు తాగినవాళ్ల పేర్లు చదివింది. అందులో చారలమ్మ పేరుంది.

"మరి నాకెలా తగ్గింది డాక్టరుగారూ?"

"నా మందు పక్కన పెట్టిన నీళ్లమ్మా అవి! ఆ మాత్రం గాలి సోకదూ?"

"సోకింది నీ మొహం! మహారాజు గొంతు పోయింది, మాకు తగ్గింది. అది మళ్లీ లేస్తే నా పిల్లలకి పస్తే!"

సింహం లేచింది. గొంతు ఆ పొద్దునే బాగుపడింది.

"ఇప్పుడే తేలుద్దాం. జిత్తయ్యా, సీసా మొత్తం తాగు. నీ చెవిలో గర్జిస్తాను."

నక్క తాగింది. అందరి కళ్లూ దాని మీదే. చారలమ్మ చప్పున పిల్లల పక్క కోసం ఏరుకున్న బూరుగుదూది తన చెవుల్లో కుక్కుకుంది. సింహం గర్జించింది. చెట్ల ఆకులు జలజలా రాలాయి.

"ఏం తాగావు?" అంది సింహం.

"వాగు నీళ్లు ప్రభూ. రుచికి తేనె కలిపా," అంది నక్క. పాపం, అబద్ధం చెప్పాలన్న సంగతే మరిచిపోయింది!

సింహం కోపంగా పంజా ఎత్తి, అలాగే ఆగిపోయింది. ఈసారి తన గర్జన తన బుర్రకే తగిలినట్టుంది.

"ఈ సభ... దేనికి పెట్టాం?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ గుర్తు లేదు.

చారలమ్మ మెల్లిగా దూది తీసి, "పొద్దుటి సమావేశాలు రద్దు చేయడానికి, మహారాజా," అంది.

"అవునవును. రద్దు!"

గాడిద చదవకుండానే సంతకం పెట్టింది.

నీతి: రాజుగారికి నిజం చెప్పడానికి గుండె ధైర్యం అక్కర్లేదు, గుప్పెడు దూది ఉంటే చాలు.