ఖాట్మండుకు కావలసిన గేదె

ఆ ఆదివారం పొద్దున కమలకుమారి వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఉప్మాలో జీడిపప్పు కాస్త ఎక్కువ వెయ్యాలి. రెండో కాఫీ అడగకముందే ఇవ్వాలి. ఆ కాఫీ సగం అయ్యేసరికి భర్తను ఖాట్మండు ప్రయాణానికి ఒప్పించాలి. మొదటి రెండూ అనుకున్నట్టే జరిగాయి. మూడోది ఇంకా సులువుగా జరిగింది. పెళ్లయి మూడు నెలలే కావడంతో శ్రీహరిరావు ఆ రోజుల్లో భార్య ఏమడిగినా ముందు సరేనని, ఏమడిగిందో ఆ తరువాత కనుక్కునేవాడు.

వాళ్లు గౌలిపురలో పాల కృష్ణయ్య ఇంట్లో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. కాకినాడలో బి.ఏ. చదివి వచ్చిన కమలకు అక్కడ అన్నీ సంబరంగానే ఉండేవి. తెల్లవారుతూనే కింద పాల క్యాన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు, తడిసిన గడ్డి వాసన, మెట్ల మీద ఎండ ఒక్కో మెట్టే దిగిరావడం, భర్త జేబురుమాలు మడత పెట్టుకునే పద్ధతి, అన్నీ బాగుండేవి. లేనిదల్లా ఏకాంతం. కృష్ణయ్య, ఆయన భార్య బుచ్చమ్మ, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, నలుగురు మనవలు, వీళ్లలో ఎవరో ఒకరు గంటకోసారి మేడెక్కేవారు. ఆ ఇంట్లో తలుపు వేసుకున్నారంటే ఒంట్లో బాగోలేదని అర్థం. ఒక ఆదివారం మధ్యాహ్నం వీళ్లు తలుపు వేసుకుంటే, పావుగంటలో బుచ్చమ్మ గ్లాసుడు మిరియాల కషాయం పట్టుకొచ్చి, ఇద్దరి చేతా తాగించి, వాళ్ల మంచం మీదే కూర్చుని ఒళ్లు చల్లబడే దాకా విసిరి వెళ్లింది.

పైగా జూన్‌లో అమలాపురం నుంచి అత్తగారు అమ్మాజీ వచ్చేస్తున్నారు. ఆవిడ రావడమంటే ఇక ఉండిపోవడమే. కాబట్టి ఈ లోపల పది రోజులు, కేవలం పది రోజులు, తనూ భర్తా ఇద్దరే ఉండాలన్నది కమల కోరిక. అటువంటి సమయంలో పత్తర్‌గట్టిలో కొన్న గాజులు చుట్టి ఇచ్చిన కాగితం మీద ఖాట్మండు కనిపించింది. పాట్నా దాకా రైలు, అక్కడినుంచి విమానం, మంచుకొండలు, పశుపతినాథ దర్శనం. పది రోజులు. ఛార్జీ చూస్తే కళ్లు తిరిగాయి కానీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. రిజిస్టరయిన సంఘం ఏదైనా సరే, దాని తరఫున పదిహేను మంది కలిసి వస్తే తలకు సగం ఛార్జీయే.

"అంటే ఒకరి ఖర్చుతో ఇద్దరం విదేశం వెళ్లొస్తామన్నమాట" అంది కమల, లెక్కల్లో ఎప్పుడూ నూటికి ముప్పయ్యయిదు దాటని మనిషి.

తమ ఆఫీసులో ఉద్యోగుల సంఘం ఉందని శ్రీహరిరావు గుర్తు చేశాడు. ఆ సంఘానికి అధ్యక్షుడెవరని కమల అడిగింది. సూపరింటెండెంటు గారే. ఆయన దగ్గుతుంటే పక్కగదిలో పడుకుని మంచుకొండలు చూడటం తన వల్ల కాదంది. అప్పుడే కింద కృష్ణయ్య గేదెను అదిలించడం వినిపించింది. కమల ముఖం వెలిగింది. కృష్ణయ్య గౌలిపుర పాల సంఘానికి అధ్యక్షుడు. దానికి రిజిస్ట్రేషనూ ఉంది, రబ్బరు ముద్రా ఉంది.

కృష్ణయ్య కాగితం చదివించుకుని విని, తలగుడ్డ తీసి మళ్లీ కట్టుకున్నాడు. "పశుపతినాథుడంటే మా దేవుడే గద బిడ్డా. పశువులన్నిటికి పెద్ద. గాయిన దగ్గరికి మేం పోకుంటే ఇంకెవరు పోతరు?" అన్నాడు.

సాయంత్రానికి పదముగ్గురు తేలారు. మేడ మీది వాళ్లతో సరిగ్గా పదిహేను. వాళ్లంతా గుడికి పోతారు, మేమిద్దరం కొండల వైపు పోతాం, అక్కడ మమ్మల్ని పట్టించుకునేదెవరు అనుకుంది కమల. మర్నాడు పత్తర్‌గట్టిలో, బట్టల దుకాణం పైన ఒకే బల్లతో నడుస్తున్న ఆ యాత్రల కంపెనీకి వెళ్లారు. ఏజెంటు రామచంద్రరావు సంఘం నియమావళి తెప్పించి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. సభ్యుడు, అతని ఇంటి నుంచి ఇంకొకరు రావచ్చు. అయితే సభ్యుడనేవాడికి పాలిచ్చే పశువు ఒకటైనా ఉండాలి, సంఘంలో రోజూ పాలు పోయాలి.

"సారుకు బర్రె ఉన్నదా?" అన్నాడు కృష్ణయ్య, ఆ సంగతి తనకు తెలియనట్టు.

"సైకిలుంది" అన్నాడు శ్రీహరిరావు.

గేదె దొరకడం కష్టం కాలేదు. కృష్ణయ్య చెల్లెలు రాజమణి శాలిబండలో ఉంటుంది. ఆమె కూడా సంఘ సభ్యురాలే కానీ విమానమంటే భయపడి పేరు ఇవ్వలేదు. తన రెండు గేదెల్లో ఒకటైన లచ్చిని రెండు నెలలకు అద్దెకిచ్చి, సంఘం రిజిస్టర్లో శ్రీహరిరావు పేరున, గౌలిపుర చిరునామాతో రాయించడానికి ఒప్పుకుంది. గేదెనూ దూడనూ తోలుకొచ్చిన రోజున వాటితో పాటు ఒక పసుపుపచ్చ చీర కూడా తెచ్చి కమల చేతిలో పెట్టింది. కమల మురిసిపోయి బొట్టు పెట్టబోయింది.

"గది నీకు కాదు బిడ్డా, బర్రెకు" అంది రాజమణి. లచ్చి మనిషిని చూసి పాలివ్వదట, వాసన చూసి ఇస్తుందట. ఎనిమిదేళ్లుగా రాజమణి ఆ చీర కట్టుకునే పాలు పితుకుతోంది. ఎవరైనా సరే ఆ చీర కట్టుకుని కూర్చుంటే లచ్చి పాలు చేపుతుంది, లేకపోతే తంతుంది.

శ్రీహరిరావుకు గేదెలంటే భయం. అందుకని కమలే పూనుకుంది. మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజు సన్నటి ధార ఒకటి తప్పేలాలో టంగుమని పడితే ఆ చప్పుడు భర్తకు వినిపించడానికి మేడ మీద నుంచి కిందికి పిలిపించింది. వారానికల్లా నురగ అంచు దాకా వచ్చేది. తెల్లవారుజామున భార్య పితికిన పాలను భర్త సైకిలు మీద సంఘానికి తీసుకెళ్లి పోసి, వచ్చి స్నానం చేసి ఆఫీసుకు వెళ్లేవాడు. గేదె తప్ప ఇంకెవరూ లేచి ఉండని ఆ పావుగంట ఇద్దరికీ ఎంత బాగుండేదంటే, ఖాట్మండు ఇలాగే ఉంటుందని కమలకు నమ్మకం కుదిరింది.

ఇరవయ్యో రోజున కృష్ణయ్య మేడెక్కి వచ్చి, జాబితా మీద ముద్ర వెయ్యాలంటే సహకార శాఖ ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి కొత్త సభ్యుణ్ణి చూడాలన్నాడని చెప్పాడు. ఆదివారం పొద్దున్నే వస్తాడట.

"చూస్తే చూడనివ్వండి" అంది కమల.

"ఉత్తగ చూసుడు కాదమ్మా. సభ్యుడు పిండాలె, ఆయన చూడాలె. సారు పేరు గద రాసింది."

శనివారమంతా శిక్షణ జరిగింది. తొట్టి అంచుకు తడిగుడ్డ కట్టి, దాన్ని పిండుతూ శ్రీహరిరావు వేళ్లు తిప్పడం నేర్చుకున్నాడు. చీర మాట వచ్చేసరికి మాత్రం మొండికేశాడు. చివరికి కమల ముఖం చూసి, పంచె మీద చుట్టుకుంటానని ఒప్పుకున్నాడు. అంత త్యాగం చేస్తున్న మనిషికి పేడ కంపు కొట్టే చీర ఇవ్వడానికి కమలకు మనసొప్పలేదు. ప్రభుత్వ ఉద్యోగి, ఇన్‌స్పెక్టరు ముందు కూర్చోబోతున్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె చీరను సోడాలో ఉడకేసి, సబ్బుతో రెండుసార్లు ఉతికి, నీలిమందు పెట్టి, గంజి వేసి ఆరేసింది. మడతలు కత్తిలా నిలబడ్డాయి.

ఆదివారం పొద్దున వాకిట్లో కుర్చీ వేశారు. ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. వాడకట్టంతా గోడల మీద కూర్చుంది. శ్రీహరిరావు ఫెళఫెళలాడే పసుపుపచ్చ చీర చుట్టుకుని, కళ్లజోడు సరిచేసుకుని, తప్పేలా పట్టుకుని లచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. లచ్చి తల తిప్పి చీరను వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తరువాత వెనక కాలితో తప్పేలాను ఇన్‌స్పెక్టరు ఒళ్లోకి పంపించి, గుంజ పీక్కుని, వీధి తలుపు గుండా బయటికి నడిచింది.

నడక పరుగయింది. దాని వెనక శ్రీహరిరావు, అతని వెనక గంజి చీర కొంగు, కొంగు వెనక కమల, ఆమె వెనక కృష్ణయ్య సంసారం. సందు మలుపులో ఎదురుగా ఒక రిక్షా వస్తోంది. అందులో ఒక ట్రంకు పెట్టె, ఆవకాయ జాడీ, వాటి మధ్య అమ్మాజీ ఉన్నారు. కొడుకు కాపురం చూడాలనిపించి ఆవిడ జూన్ దాకా ఆగలేదు. రిక్షా ఆగింది. లచ్చీ ఆగింది. ఆడచీరలో, ఒక కాలికే చెప్పుతో, రొప్పుతూ శ్రీహరిరావు కూడా ఆగాడు.

అమ్మాజీ కొడుకును తల నుంచి పాదాల దాకా చూశారు.

"ఉద్యోగం పోతే పోయింది. ఒక కార్డుముక్క రాయకూడదట్రా?"

అతను నోరు తెరిచే లోపల ఆవిడ రిక్షా దిగి, వేలాడుతున్న పలుపు అందుకుని, లచ్చి వీపు మీద ఒక్క చరుపు చరిచి ఇంటికి మళ్లించారు. కోనసీమలో నాలుగు గేదెల పాడి చూసుకున్న చెయ్యి అది. కడుపు మాడ్చుకుని కన్నకొడుకు గేదెల వెంట పడుతుంటే కోడలు నవ్వుతూ చూస్తోందేమిటని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు. వాకిట్లోకి రాగానే దూడను వదిలి, కుచ్చెళ్లు బిగించి, తప్పేలా కోసం చెయ్యి చాపారు. ఇన్‌స్పెక్టరు తన ఒళ్లోంచి తీసి ఇచ్చాడు. రాత్రంతా రైల్లో నలిగిన ఆవిడ చీరకు సబ్బు వాసన ఏ కోశానా లేదు, పాడి వాసన మాత్రం ఉంది. లచ్చి ఒకసారి వాసన చూసి, నిట్టూర్చి, చేపింది.

ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు. "ఎవరి చేతికి పాలిస్తదో వాళ్లే సభ్యులు. గంతే. అమ్మా, మీ పేరు?"

ఆ విధంగా శ్రీహరిరావు పేరు కొట్టేసి అమ్మాజీ పేరు ఎక్కించారు. ఉద్యోగం పోలేదని ఆవిడకు నచ్చజెప్పడానికి ఆఫీసు జీతం కాగితం చూపించాల్సి వచ్చింది. మరి ఈ గేదె ఎందుకన్నారు. ఖాట్మండు సంగతి చెప్పక తప్పలేదు. ఆవిడ వెంటనే పశుపతినాథుడి గుడికి మెట్లెన్ని ఉంటాయని అడిగారు.

మర్నాటికి అంతా తేలిపోయింది. సభ్యురాలు అమ్మాజీ. ఆవిడ ఇంటి నుంచి ఇంకొకరు.

"అబ్బాయికి సెలవు దండగ. నువ్వూ నేనూ వెళ్దామే అమ్మాయ్. నీ ముచ్చటా తీరుతుంది, నాకూ తోడుంటుంది" అన్నారావిడ ప్రేమగా. కమల తల ఊపింది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

మూడు రోజులు ఆమె మామూలుగా నవ్వలేదు. విమానం ఉంటుంది, మంచు ఉంటుంది, పక్కన అత్తగారుంటారు. ఆయన ఇక్కడ ఒక్కడూ ఆవకాయ అన్నం తింటూ ఉంటాడు. నాలుగోరోజు పొద్దున లచ్చికి కుడితి పెట్టడానికి కిందికి దిగి, అక్కడే నిలబడిపోయింది. బుచ్చమ్మ మూటలు కడుతోంది. కోడళ్లు సకినాలు డబ్బాల్లో సర్దుతున్నారు. పదిహేను మంది లెక్కలోకి రాకపోయినా మనవలకు కూడా విడిగా టికెట్లు తీశారట. కృష్ణయ్య తన ఆరు బర్రెలనూ పది రోజులకు శాలిబండలో బావమరిది దొడ్డికి తోలించే ఏర్పాటు చేస్తున్నాడు. లచ్చి ఒక్కటే, కొత్తగా చేరిన సభ్యత్వం కనుక, రిజిస్టర్లో రాసిన చిరునామా నుంచి కదలడానికి లేదు. మూడు రోజులు పాలు పడకపోతే సభ్యత్వం పోతుంది, సభ్యత్వం పోతే పదిహేను మంది లెక్క తప్పుతుంది.

కమల ఆ వాకిలిని ఈ మూల నుంచి ఆ మూలకు చూసింది. లెక్కల్లో ముప్పయ్యయిదు మార్కుల మనిషే అయినా ఈ లెక్క ఇట్టే తేలింది. కుడితి బాన అక్కడే దించి, రెండేసి మెట్లు ఎక్కి అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"లచ్చిని చూసుకునే వాళ్లెవరూ లేరు అత్తయ్యా. మీరు పుణ్యక్షేత్రం వెళ్తుంటే నేను వెనకబడటానికి బాధ దేనికి? రాజమణి గారిని తీసుకెళ్లండి. ఆవిడా సభ్యురాలే" అంది.

అమ్మాజీ కళ్లు చెమర్చాయి. ఇంత మంచి కోడలు ఎవరికి దొరుకుతుందని మధ్యాహ్నం లోపల వాడకట్టంతా చెప్పి వచ్చారు. విమానం భయం ఉన్న రాజమణిని, నీ పక్కన నేను కూర్చుంటానని ఒప్పించారు. శ్రీహరిరావుకు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

"మంచు చూడాలని కదా నీకు?" అన్నాడు.

"ముందు మెట్ల తలుపు గడియ సరిగ్గా పడుతుందో లేదో చూసి రండి" అంది కమల. అతను సగం మెట్లు దిగాక అర్థమైంది. మిగతా సగం చాలా తొందరగా దిగాడు.

ప్రయాణం రోజున రైలు కదులుతుండగా అమ్మాజీ కిటికీలోంచి ఒక నలిగిన నూలు చీర ఇచ్చారు. అది లచ్చి కోసం. "ఉతక్కు" అన్నారు, ఆశీర్వదించినట్టు.

పది రోజులు గౌలిపురలో ఆ ఇంటి మెట్ల తలుపు గడియ పడే ఉంది. ఎవరూ కషాయం తేలేదు. పొద్దున్నే కమల అత్తగారి చీర కట్టుకుని పాలు పితికేది, భర్త పక్కన దూడను పట్టుకుని కబుర్లు చెప్పేవాడు. సెలవు ముందే మంజూరయింది కనుక రద్దు చేసుకోలేదు. ఒక మధ్యాహ్నం అతను శాలిబండ నుంచి గోనెసంచిలో రంపపు పొట్టు కప్పిన పెద్ద ఐసు గడ్డ తెచ్చాడు. దాన్ని పళ్లెంలో పెట్టుకుని, చెరోవైపు కూర్చుని, కరిగే దాకా మంచుకొండ చూశారు.

తొమ్మిదో రోజున ఖాట్మండు నుంచి కార్డు వచ్చింది. దర్శనం దివ్యంగా అయిందట. ఒక్కో గదికి ఎనిమిది మంది అట, బుచ్చమ్మ గురక వల్ల ఎవరికీ నిద్ర లేదట, ఇక్కడ ఇద్దరు పక్కకెళ్లి నిలబడి మాట్లాడుకునే చోటు కూడా లేదట. "గుంపుగా వస్తే ఖర్చు కలిసొస్తుంది గానీ, మీరు రాకపోవడమే మంచిదయింది" అని అమ్మాజీ రాయించారు.

వాళ్లిద్దరికీ ఆ పది రోజులకూ అయిన ఖర్చు ఇరవై మోపుల పచ్చగడ్డి.