సాగనంపని కలశం

పది గంటలకల్లా మీటింగు గది అద్దంలా మెరవాలి. బొంబాయి నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ఆ పని కాకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజరు శివశంకర్ ముందురోజే చెప్పాడు. మాదాపూర్‌లోని ఆ కొత్త కంప్యూటర్ల ఆఫీసులో ఊడ్చే పనికి చేరి సాయమ్మకు అప్పటికి తొమ్మిది రోజులు. లింగంపల్లిలో ఆరింటికే బస్సెక్కి, ఏడింటికల్లా చీపురుతో వచ్చి గది తలుపు తీసింది.

బల్ల నడుమ నిన్నటి పూజ కలశం అలాగే ఉంది. దాని మీది కొబ్బరికాయ కూడా కదల్లేదు.

సాయమ్మ చెప్పులు గుమ్మం బయటే విడిచి దండం పెట్టింది. కలశంలోకి దేవుణ్ణి పిలిచిన పంతులు మళ్లీ సాగనంపితేనే దాన్ని కదపాలి. వాళ్ల ఊళ్లో ఒకాయన తొందరపడి కదిపి మూడు నెలలు మంచం పట్టాడు.

"జర పక్కకు పెట్టరాదే?" అన్నాడు వాచ్‌మన్ బాలనర్సయ్య.

"నువ్వు పెట్టు."

బాలనర్సయ్య బూట్లు విప్పి ఆమె చెప్పుల పక్కన పెట్టాడు.

ఎనిమిదిన్నరకు వచ్చిన ప్రోగ్రామర్ ప్రవళిక ఆ రెండు జతలు చూసి, ఎందుకని అడగకుండా తనవీ విడిచింది. ఆమెను చూసి మరో నలుగురు. గుమ్మం ముందు చెప్పుల వరుస కనబడ్డాక అడిగేవాళ్లెవరు? తొమ్మిదిన్నరకల్లా మెడలో బ్యాడ్జీలు, వట్టి కాళ్లతో అరవై మంది వరండాలో నిలబడ్డారు. ఎవరో అగరొత్తులు వెలిగించారు. ప్రవళిక తన ప్రోగ్రాం ఆగకుండా నడవాలని మొక్కి, కలశం ముందు ఒక ఫ్లాపీ పెట్టింది. వెనకవాళ్లూ పెట్టారు.

శివశంకర్ పరుగున వచ్చి, ఆ వరుస చూసి తన బూట్లూ విడిచి లోపలికి అడుగుపెట్టాడు. "ఏంటండీ ఇదంతా? సాయమ్మా, ముందు ఆ చెంబు తీసెయ్!"

"నేను తియ్య సారూ. నౌకరీ పోతే పాయె. మీరే తియ్యుండ్రి," అంది సాయమ్మ.

శివశంకర్ చెయ్యి చాపాడు. అరవై మంది ఊపిరి బిగబట్టారు. చాపిన చెయ్యి వెనక్కి వచ్చి, జేబులోంచి సెల్‌ఫోన్ తీసింది.

నిన్న పూజ చేసిన రామచంద్రం పంతులు స్కూటరు మీద చేరేసరికి పదికి పది నిమిషాలు.

"అయ్యా, లోపలున్న దేవుణ్ణి సాగనంపుండ్రి. పది కొడితే నా నౌకరీ ఉండది," అంది సాయమ్మ.

పంతులు నవ్వాడు. "ఆవాహన అంటే ఏందనుకున్నవమ్మా? 'వహ' అంటే మోసుడు. దేవుణ్ణి మోసుకొచ్చినట్టు పిలిచి ఈడ కూసోబెట్టుడు. నిన్న సరిగ్గ ఆ మంత్రం కాడికి రాంగనే మీ సారు గడియారం చూపించి, 'కొంచెం తగ్గించండి పంతులుగారూ' అన్నరు. గదే తగ్గించిన."

"అయితే ఇందుల?"

"ఎవ్వరు లేరమ్మా. ఉత్త నీళ్లే."

అరవై మంది తలలు శివశంకర్ వైపు తిరిగాయి. ఆయన తన బూట్ల కోసం వెతకసాగాడు. వెతుకుతూనే, "సాయమ్మా, రేపు కూడా ఏడింటికే రా," అన్నాడు.

సాయమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుని గుడ్డ అందుకుంది. బల్ల తుడవడానికి నీళ్ల కోసం దూరం పోలేదు, కలశంలోవి సరిపోయాయి.