గుర్రాలు ఎక్కడ కడతారు?

ఆ రోజుకి ఆ అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే యూనివర్సిటీకి వెళ్లి, ఎం.ఏ. థీసిస్‌లో చివరి అధ్యాయం గైడుకి చదివి వినిపించాలి. "బాగుందమ్మా" అనిపించుకోవాలి. మధ్యాహ్నానికల్లా బైండింగ్ షాపులో ఇచ్చేసి ఇంటికెళ్లి పడుకోవాలి. సోమవారం నగర ప్రణాళిక ఆఫీసులో ఉద్యోగంలో చేరాలి. థీసిస్‌ను ఆమోదించినట్టు గైడూ, శాఖాధిపతీ సంతకాలు పెట్టిన కాగితం ఆ రోజు చూపించకపోతే, ఉద్యోగం ఎంపిక జాబితాలో ఆమె తర్వాత ఉన్నవాడికి వెళ్లిపోతుంది. ఆ తర్వాతివాడు ఆమె క్లాసులోనే చదివాడు. వారం రోజులుగా రోజూ ఫోన్ చేసి, "థీసిస్ ఎంతవరకు వచ్చింది? మరీ కష్టపడకు, ఆరోగ్యం పాడవుతుంది" అని ఎంతో ఆప్యాయంగా చెబుతున్నాడు.

థీసిస్ బస్సు స్టాపుల్లోని బెంచీల గురించి. ఎవరు కూర్చుంటారు, ఖాళీ ఉన్నా ఎవరు నిలబడతారు, నీడ ఏ వేళకి ఎటు జరుగుతుంది, ఒకే బెంచీ మీద ముక్కూమొహం తెలియని ఇద్దరు ఎంత ఎడం వదులుతారు. ఏడాదిపాటు ఊరంతా తిరిగి, కూర్చుని, చూసి రాసింది. ఒక్క ప్రశ్నకే జవాబు దొరకలేదు. కొన్ని స్టాపుల్లో కొత్త బెంచీ వదిలేసి, జనం అల్లంత దూరాన ఎక్కడో వెళ్లి నిలబడతారు. ఎందుకు? "దీనిపై మరింత పరిశోధన అవసరం" అని రాసి ఆ ప్రశ్నని మర్యాదగా పాతిపెట్టింది.

గైడు మెత్తని మనిషి. వరండాలో శాఖాధిపతి గొంతు వినిపిస్తే చాలు, రాస్తున్న పెన్నుకి మూత పెట్టేసి బుద్ధిగా కూర్చునే రకం. విద్యార్థులకి మాత్రం ఆయనంటే ప్రాణం. చెప్పేది అంత శ్రద్ధగా వినే గురువు ఆ యూనివర్సిటీలో మరొకరు లేరని పేరు. అరచేతిలో గడ్డం ఆనించుకుని, రెప్ప వాల్చకుండా, మన వెనకాల ఎక్కడో ఉన్న సత్యాన్ని చూస్తున్నట్టు చూస్తారు.

నిజానికి ఆ సమయంలో ఆయన నిద్రపోతుంటారు. కళ్లు తెరుచుకుని నిద్రపోవడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈ సంగతి భార్యకి తప్ప మరో మనిషికి తెలియదు. "కళ్లు మూసుకోకపోతే పోనీ, ఆ నోరైనా మూసుకోండి. నిద్రలో ఎవరితోనో మాట్లాడేస్తారు. ఎప్పుడో కొంప ముంచుతారు" అని ఆవిడ రోజూ టిఫిన్ డబ్బా చేతికిస్తూ హెచ్చరించేది. మెలకువ రాగానే విద్యార్థికి అనుమానం రాకుండా ఆయన ఒక వాక్యం అలవాటు చేసుకున్నారు: "మంచిది. నేను చెప్పినవన్నీ చేర్చి తీసుకురా." ఏమీ చెప్పలేదు కాబట్టి ఎవరూ ఏమీ చేర్చేవారు కాదు. ఇన్నేళ్లుగా ఆ వాక్యం ఎవరికీ హాని చేయలేదు.

ఆ మంగళవారం గదిలో పరదా మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టు ఊగుతోంది. అమ్మాయి చదువుతోంది. టీ తాగిన గైడు, రెండో పేజీ దగ్గర, ఎప్పుడూ వచ్చే కలలోకి జారిపోయారు. పొగమంచు. తెల్లటి దారి. కాళ్లకి చెప్పుల్లేకుండా ఆయన నడుస్తున్నారు. వెనకాల చప్పుడు లేని గుర్రాలు, తెల్లవి, అలసిపోయినవి. వాటిని కట్టడానికి చోటు కావాలి. ఎంత నడిచినా చోటు కనిపించదు.

"మరి గుర్రాలు ఎక్కడ కడతారు?" అన్నారాయన, స్పష్టంగా.

అమ్మాయి చదవడం ఆపేసింది. "ఏమన్నారు సార్?"

"గుర్రాలమ్మా," అన్నారు గైడు ఆమె కళ్లలోకే చూస్తూ, కాస్త దిగులుగా. "నీళ్లు తాగొద్దూ పాపం?"

పరదా ఎగిరి ఆయన చెవికి తగిలింది. మెలకువ వచ్చింది. గొంతు సవరించుకున్నారు. "మంచిది. నేను చెప్పినవన్నీ చేర్చి తీసుకురా. శుక్రవారం సంతకం పెట్టేస్తాను."

అమ్మాయి తిన్నగా పక్కగదిలో ఉండే సీనియర్ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ పీహెచ్‌డీ మొదలుపెట్టి చాలా కాలమైంది. ఎంత కాలమని ఎవరూ అడగరు.

"గుర్రాలా?"

"గుర్రాలే అక్కా. నీళ్లు కూడా తాగాలన్నారు."

"ఏ గుర్రాలు, ఎందుకు అని అడగలేకపోయావా?"

"వెళ్లి అడిగి రానా?"

"పిచ్చిదానా, కూర్చో! నేను మా గైడుని మొదటి ఏడాదిలో ఒక్కసారి 'ఎందుకండీ' అన్నాను. ఇదిగో, ఇంకా ఇక్కడే ఉన్నాను." సీనియర్ కాసేపు కిటికీలోంచి చూసి, ఉన్నట్టుండి బల్ల మీద చరిచింది. "ఒసేయ్! బస్సులు రాకముందు ఆ స్టాపులన్నీ ఏమిటి? గుర్రబ్బళ్లు ఆగే చోట్లు కావూ? ఆయన మాట పైకి నిద్రలో అన్నట్టే ఉంటుంది. లోతు చూడు ఎంతుందో!"

ఇంట్లో తల్లి మాత్రం అంత లోతు చూడలేదు. "నిన్నటిదాకా బెంచీలన్నావు. ఇవాళ గుర్రాలంటావు. సోమవారానికి ఏనుగులు కూడా వస్తాయా?" అంది.

అమ్మాయి రెండు రోజులు లైబ్రరీ వదల్లేదు. పాత పటాలు తిరగేసింది. నీళ్ల తొట్లు నిజంగానే ఉండేవి. తొట్ల పక్కన గుర్రాల కోసమని చెట్లు నాటారు. తొట్లు పోయాయి, గుర్రాలు పోయాయి, చెట్లు మిగిలాయి. కొత్త బెంచీలేమో రోడ్డుని చూసి వేశారు. జనం మాత్రం ఇప్పటికీ, ఎందుకో తెలియకుండానే, ఒకప్పుడు గుర్రాలు నిలబడిన నీడలోకి వెళ్లి నిలబడుతున్నారు. పాతిపెట్టిన ప్రశ్న లేచి కూర్చుంది. గైడు ఎంతటి మహానుభావుడో తలుచుకుని ఆమెకి కళ్లు చెమర్చాయి.

ఒక్క లెక్క మిగిలింది. ఒక గుర్రం హాయిగా నిలబడాలంటే ఎంత చోటు కావాలి? ఊరి చివర గుర్రపు స్వారీ నేర్పే ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన దగ్గర ఒక ముసలి తెల్ల ఆడగుర్రం ఉంది. దాని నడక చూసి అందరూ దొరసాని అంటారు.

"ఇక్కడ కొలిస్తే ఏం లాభమమ్మా? ఇది దాని ఇల్లు, ముడుచుకుని పడుంటుంది," అన్నాడు గుర్రాలాయన. "కొత్తచోట కడితే కదా ఎంత మసులుతుందో తెలిసేది. మీ కాలేజీ స్టాపుకే తీసుకొస్తాలే. శుక్రవారం తెల్లారకముందే వచ్చి, జనం లేచేలోగా వెళ్లిపోతాం."

శుక్రవారం తెల్లవారింది. మంచు దట్టంగా పట్టింది. గుర్రాలాయన జనం లేవకముందు రాలేదు. దారిలో దొరసాని ప్రతి గేటు దగ్గరా ఆగి లోపలికి తొంగి చూసిందట. సరిగ్గా మొదటి బస్సులు కిక్కిరిసి వచ్చే వేళకి, యూనివర్సిటీ స్టాపులో చెట్టు కింద తెల్ల గుర్రాన్ని కట్టి, ముందు బకెట్టు నీళ్లు పెట్టాడు. అమ్మాయి టేపు పట్టుకుని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

బస్సు డ్రైవరు మంచులోంచి వచ్చి, తాను ఆపాల్సిన చోట గుర్రం ఉండటం చూసి ఆపేశాడు. వెనకాల ఇంకో బస్సు, దాని వెనకాల ఇంకోటి. జనం దిగారు.

"ఏమిటండీ ఇది?"

"బస్సులు తీసేసి గుర్రాలు పెడుతున్నారట."

"టైముకి వస్తాయా?"

"బస్సు కంటే నయమే కదా."

"నెల పాసు చెల్లుతుందో లేదో కనుక్కో ముందు!"

పాసు మాట గాలిలో పడేసరికి ఫోన్లు మొదలయ్యాయి. యూనివర్సిటీ ఆఫీసు వాళ్లకి ఏం చెప్పాలో తోచక, ఆ ఫోన్లన్నిటినీ రవాణా పాఠం చెప్పే శాఖకి మళ్లించారు. శాఖాధిపతి మూడో ఫోనుకి అరిచాడు, ఆరో ఫోనుకి కుర్చీలోంచి లేచాడు. మెట్లు దిగుతూనే ఆయనకి అర్థమైపోయింది. బెంచీలంటూ కొలతలు తీసుకుంటూ తిరిగే పిల్ల ఒక్కతే ఉంది. ఆ థీసిస్ అంటే ఆయనకి మొదటి నుంచీ చిన్నచూపు. "కూర్చునేవాళ్లు కూర్చుంటారు, నిలబడేవాళ్లు నిలబడతారు. దానికో థీసిస్!" అనేవాడు.

అదే సమయానికి గైడు టీ ముగించి కిటికీ దగ్గరికి వచ్చారు. కింద పొగమంచు. మంచులో తెల్లటి దారి. దారి పక్కన చెట్టు కింద తెల్ల గుర్రం, తలవంచి నీళ్లు తాగుతోంది.

'ఓహో, నిద్రపట్టేసింది,' అనుకున్నారు గైడు. ఆఫీసు గదితో సహా కల రావడం మాత్రం ఇదే మొదటిసారి. చివరికి చోటు దొరికినందుకు గుండె దూదిపింజలా తేలికైంది. కలలో ఎప్పుడూ చెప్పులుండవు కాబట్టి చెప్పులు బల్ల కింద వదిలేసి, నెమ్మదిగా మెట్లు దిగి, జనాన్ని సుతారంగా తప్పించుకుంటూ వెళ్లి, దొరసాని మెడ మీద చెయ్యి వేశారు.

"వచ్చావా తల్లీ! ఎన్నేళ్లు తిప్పావు నన్ను?"

"సార్, మీరు అడిగిన గుర్రం," అంది అమ్మాయి, భయంభయంగా. "కొలతలు కూడా వచ్చేశాయి. చివరి అధ్యాయం మార్చి రాశాను."

"అడిగాను, అడిగాను. రోజూ అడుగుతూనే ఉన్నాను." మంచు వెలుగులో ఆ కొత్త పేజీలు అక్కడే నిలబడి చదివారు. కలలో అక్షరాలు ఎప్పుడూ కదిలిపోతాయి. ఇవి కదల్లేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు. "ఎంత బాగా రాశావమ్మా! నీడని పట్టుకున్నావు. ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు." దొరసాని వీపు మీద ఆమోదపత్రం పెట్టి సంతకం చేశారు.

"ఏమయ్యా!" గుంపుని చీల్చుకుని వచ్చాడు శాఖాధిపతి. "నీకు మతిపోయిందా? ఇది యూనివర్సిటీయా, గుర్రప్పందేల మైదానమా? ఆ పిల్ల థీసిస్ ఇవాళే రద్దు చేస్తున్నా! మళ్లీ ఏడాది చదువుకోమను!"

అమ్మాయి చేతిలో టేపు సర్రుమని డబ్బాలోకి వెళ్లిపోయింది. సోమవారం, ఉద్యోగం, ఆప్యాయంగా ఫోన్ చేసే తర్వాతివాడు, అన్నీ ఆమె కళ్ల ముందు ఒకేసారి తిరిగాయి.

గైడుకి కాస్త చిరాకు వేసింది. ఇంత అందమైన కలలోకి కూడా ఇతనేనా రావాలి?

"మీరు కొంచెం పక్కకి జరగండి. గుర్రానికి గాలి రావడం లేదు," అన్నారు.

మూడు బస్సుల జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"ఏమిటీ? నేనెవరో మర్చిపోయావా?"

"మర్చిపోతే బాగుండును. మెలకువ వస్తే మళ్లీ మీకు భయపడాలి. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నా. మీరు బస్సెక్కి ఎన్నాళ్లయింది? స్టాపులో నిలబడి ఎన్నాళ్లయింది? ఈ అమ్మాయి ఏడాదిపాటు ఎండలో కూర్చుని రాసింది. నా దగ్గరికి ఇంత మంచి థీసిస్ ఎప్పుడూ రాలేదు. మీరు దాని అట్ట తప్ప ఏమీ చూడలేదు. ఇదిగో పెన్ను. పేజీలు ఇవి. చదవండి. చదివాక కూడా బాగా లేదనిపిస్తే రద్దు చేయండి."

జీవితంలో తనతో ఎవరూ అలా మాట్లాడి ఎరగని శాఖాధిపతి, ఏం చేయాలో తోచక, నిజంగానే చదివాడు. ఒకచోట ఆగి తలెత్తి చెట్టుని చూశాడు. తర్వాత అవతల ఖాళీగా ఉన్న బెంచీని చూశాడు. తాను కూడా ఆ చెట్టు కిందే నిలబడి ఉండటం చూసుకున్నాడు.

"అర్థమైతే పెట్టెయ్యండి సార్," అన్నాడు బస్సు డ్రైవరు. "జనానికి డ్యూటీలున్నాయి."

"పెట్టండి సార్, పెట్టండి," అన్నారు జనం.

శాఖాధిపతి గుర్రం వీపు మీదే సంతకం పెట్టాడు. గీత చివర పెన్ను గుచ్చుకుందో ఏమో, దొరసాని చిన్నగా ఒక అడుగు పక్కకి వేసింది. ఆ అడుగు గైడు బొటనవేలు మీద పడింది.

ఆయన పెట్టిన కేకకి చెట్టు మీద పిట్టలన్నీ లేచిపోయాయి. నొప్పి అంటే మామూలు నొప్పి కాదు, ఏ కలలోనూ ఉండని నొప్పి. గైడు చుట్టూ చూశారు. జనం ఉన్నారు. బస్సులు ఉన్నాయి. శాఖాధిపతి ఉన్నాడు, మాయమవలేదు. తన కాళ్లకి చెప్పుల్లేవు.

"నమస్కారం సార్," అన్నారు గైడు నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో. "టీ తాగారా?"

శాఖాధిపతి ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఇంత మెత్తని మనిషి ఇంతమందిలో ఇంత ధైర్యంగా మాట్లాడాడంటే వెనకాల ఎవరో చాలా పెద్దవాళ్లు ఉండి తీరాలి. అది ఎవరో తెలిసేదాకా జాగ్రత్తగా ఉండటం మంచిది.

"మీరు ముందు కూర్చోండి," అన్నాడు. గైడుని 'నువ్వు' అనడం ఆయన నోట ఆ తర్వాత మళ్లీ వినిపించలేదు. "కాలు ఇలా చాపండి. ఎవరైనా మంచినీళ్లు తెండయ్యా!" అప్పటికి అందుబాటులో ఉన్న నీళ్లు దొరసాని బకెట్టులోవే.

జనం సర్దుకుని బస్సులు కదిలాక గైడు, అమ్మాయి ఇద్దరే మిగిలారు.

"అమ్మా, ఈ గుర్రాల సంగతి నీకు ఎవరు చెప్పారు?"

"మీరే కదా సార్, మంగళవారం."

గైడు కళ్లు మూసుకున్నారు. "ఇంకేమైనా చెప్పానా?"

"నీళ్లు తాగాలన్నారు."

"అది సరే. ఇంకేమీ లేదు కదా?"

"లేదు సార్. చాలా తక్కువ మాటల్లో చెప్పారు."

సాయంత్రం ఇంట్లో బొటనవేలికి కట్టు కడుతూ భార్య అడిగింది, "నిద్రలో ఏం వాగారు మళ్లీ?"

"ఈసారి నిద్రలో కాదే," అన్నారాయన. "అందుకే భయంగా ఉంది."

సోమవారం అమ్మాయి కాగితం చూపించి ఉద్యోగంలో చేరింది. ఊళ్లోని స్టాపులన్నిటిలోనూ జనం హాయిగా కూర్చునే ఏర్పాటు చూడమని మొదటి రోజే పెద్ద బాధ్యత అప్పగించారు. ఆమె కూర్చోవడానికి కుర్చీ మాత్రం ఇంకా మంజూరు కాలేదు.