జామాయిల్ తల్లి, బీరన్న మంద

మనుషులకు వంశం తెలియకపోయినా రోజులు గడుస్తాయి గాని, చెట్లకు మాత్రం మంచి వంశం ఉండి తీరాలని తొంభై రెండులో ఉన్నత వంశ వృక్షాభివృద్ధి కార్యాలయం తీర్మానించింది. అందుకోసం మర్రిగూడ గుట్ట కింద గొర్రెలు మేసే బీడుకు ముళ్లతీగ చుట్టి జామాయిల్ మొక్కలు నాటింది. ఆ కట్టెలోంచి కాగితం, గుడ్డ, చివరికి మోటారుకు పోసే నూనె కూడా తీస్తారట. (ఊరివాళ్లు తాగే నీళ్లు అడిగారు. అది వేరే శాఖ.)

గొర్ల కాపరి బీరన్నకు మేపు పోయింది. మందలో సగం రామన్నపేట అంగడికి పోయింది. మిగిలిన సగం డొక్కలెండి, తీగ పక్కన నిలబడి లోపలి గడ్డి వంక చూసేవి.

కొన్నాళ్లకు బీడు మూలన ఒక చెట్టు మిగతావాటిని మించి ఏపుగా లేచింది. పెద్దాఫీసరు ఇస్రాయేలు గారు వచ్చి తలెత్తి చూసి, "గుణం రక్తంలనే ఉందయ్యా!" అన్నారు. (చెట్టుకు రక్తం ఉండదని గుమాస్తా అనబోయి, బదిలీ గుర్తొచ్చి ఊరుకున్నాడు.) చెట్టుకు 'తల్లి' అని బోర్డు కట్టారు. మిగతావి కొట్టేసి, దాని కొమ్మలే తుంచి, వేళ్లు మొలిపించి, బీడంతా నాటారు.

రెండు వానాకాలాలు పోయినా పిల్లలు మోకాలెత్తు దాటలేదు. తల్లి తప్పు చేయదు కనుక విచారణ బీరన్న మీద పడింది.

"ఆ చెట్టుకు నువ్వేం చేసినవ్?" అని గద్దించారు ఇస్రాయేలు గారు.

బీరన్న చేతులు జోడించాడు. "తప్పయింది సారూ. గీ తీగ కట్టకముందు మా మంద గా మూలకే పండుతుండె. మా నాయిన కాలం సంది గంతే. పెంటికల ఎరువు మందంగ పేరుకుపోయింది."

"చెప్పకుంటె ఏమాయె? ఇగ ఉన్న గొర్లను గూడ గుంజుకపోతరు" అని గొణిగింది భార్య గుర్వమ్మ.

కాని కార్యాలయం దయగలది. తల్లి గొప్పతనానికి లోటేమీ లేదని, తల్లికి ముట్టిన సారె పిల్లలకు ముట్టలేదని తేల్చింది. మందను వెంటనే లోపలికి తోలాలని ఉత్తర్వు పంపింది. బీరన్నకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. గొర్రెలన్నిటినీ గేటు దగ్గరికి తోలుకొచ్చాడు.

కావలివాడు పెద్దులు అడ్డం నిలిచి ఉత్తర్వు చదివాడు. లోపలి గడ్డి కార్యాలయపు ఆస్తి కనుక, నూర్పిడిలో ఎడ్లకు కట్టినట్టు ప్రతి గొర్రె మూతికీ చిక్కం కట్టవలెను.

"మూతి కడితె ఏం తింటయి పెద్దులన్నా? తినకుంటె పెంటికలు ఏడికెల్లి ఏస్తయి?"

పెద్దులు కాగితం తిప్పి చూశాడు.

"గది గూడ రాసిండ్రు తమ్మీ. దినానికి పది తట్టలు ఎయ్యాలె. తక్కువైతే మంద జప్తు."