నురగ తలవాడి ఫిర్యాదు

ఆ ఉదయం హక్కుల సారు వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. ఆరున్నరకు తలస్నానం, ఏడున్నరకు ఇస్త్రీ చొక్కా, పదకొండుకు ఉపన్యాసం. నీళ్ల కంపెనీలో ప్రజల మంచిచెడ్డలు చూసే సెక్షన్ ఒకటి కొత్తగా పెట్టి, ఆరు నెలలుగా తాత్కాలికంగా ఆయనకు అప్పగించారు. నీళ్లు మనిషి హక్కని రోజుకు పదిసార్లు చెబుతారు గనక ఆఫీసులో ఆయనకా పేరు స్థిరపడింది. ఇవాళ హెడ్డాఫీసు నుంచి పరిశీలకురాలు వస్తోంది. ఆమె సరేనంటే సెక్షన్ ఆయనదే. కాదంటే మళ్లీ పాత మీటర్ల గోడౌనే గతి.

తలకు షాంపూ, మొహానికి సబ్బు దట్టంగా పట్టించి, కళ్లు మూసుకుని షవర్ తిప్పారు. అది గురగురమని రెండు చుక్కలు రాల్చి ఊరుకుంది.

"ఇదిగో, మోటారు వెయ్యి!" అని అరిచారు.

"సంపులో నీళ్లుంటేగా మోటారు వెయ్యడానికి! కుళాయే రావట్లేదు" అంది భార్య తలుపవతల నుంచి. "డ్రమ్ములో పట్టుకుందామంటే విన్నారా?"

వినలేదు. నీళ్ల కంపెనీ ఉద్యోగి ఇంట్లో డ్రమ్ముంటే పరువేం కావాలని, దాన్ని పై అంతస్తు వాళ్లకు ఇచ్చేశారు. ఇప్పుడు వాదించే తీరిక లేదు. ఒంటికన్ను తెరిచి ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశారు.

"మీ వీధిలో పైపు మారుస్తున్నారు సార్, మధ్యాహ్నం దాకా నీళ్లు రావు" అంది ఫిర్యాదుల అమ్మాయి. "నిన్న సాయంత్రం లైన్‌మన్ ఇంటికొచ్చి చెప్పాడు కదా. మీ సంతకం కూడా ఉంది."

సారుకు గుర్తొచ్చింది. నీళ్లు ఆపే ముందు ప్రతి ఇంటి గుమ్మంలో నోటీసు చదివి వినిపించి సంతకం తీసుకోవాలన్న రూలు ఆయనదే. నిన్న లైన్‌మన్ గొంతు సవరించుకోగానే, "రాసిందే నేనయ్యా, నాకే చదువుతావా?" అని సంతకం గీకి పంపేశారు. నోటీసు ఆయన రాసిందే, నిజమే. అందులో వీధి పేరు నింపింది మాత్రం ఇంజనీరు.

"అయితే మా ఇంటికో ట్యాంకరు పంపమ్మా."

"వీధి చివర ఉంది సార్. వరసలో నిలబడాలి. సిబ్బందికి ప్రత్యేకం లేదని మీ సర్క్యులరే."

పాత చొక్కా తగిలించుకుని, బకెట్ పట్టుకుని, నురగ తలతోనే సారు వీధిలోకి నడిచారు. ముందుకు దూరబోతే ట్యాంకరు డ్రైవరు అడ్డుకున్నాడు.

"వెనక్కెళ్లండి. ముసలివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ ముందు. హక్కుల సారు రూలు. ఆయనే వచ్చినా ఇంతే!"

సారుకు ఒక పక్క గర్వం, ఇంకో పక్క కళ్లమంట. ఆ హక్కుల సారు తనేనని నోరు తెరవబోయేంతలో కంపెనీ కారు వచ్చి ఆగింది. పరిశీలకురాలు నోట్‌బుక్ పట్టుకుని దిగింది. ఆఫీసుకు పోయేముందు జనాన్ని చూడాలనుకుందట. వరసంతా చూసి, తిన్నగా నురగ తల దగ్గరికే వచ్చింది.

"కంపెనీ మిమ్మల్ని సరిగ్గా చూసుకుంటోందా అండీ?"

సారు గొంతు మార్చారు. ఒక్క ముక్కలో తప్పించుకుందామనే అనుకున్నారు. కానీ కళ్లు మండుతుంటే ముక్కలు వాటంతటవే వచ్చాయి.

"ఏం చూసుకోవడమమ్మా! గుమ్మంలో ఒకరికి చదివేసి సంతకం లాక్కుపోతే సరా? ఇంట్లో మిగతా వాళ్లకు తెలియొద్దూ? పొద్దున్నే ఇంకోసారి చెప్పొద్దూ? ఆ రూలు రాసినవాడెవడో గానీ, వాడికి జనం సంగతి బొత్తిగా తెలీదు!"

వరసంతా చప్పట్లు కొట్టింది. ఆమె గబగబా రాసుకుని ఇంటి నంబరు అడిగింది. కంగారులో ఆయన అసలు నంబరే చెప్పేశారు.

పదకొండింటికి, అరబకెట్ నీళ్లతో కడిగిన తలతో సారు ఉపన్యాసం ముగించారు. పరిశీలకురాలు లేచింది. ఆమె చూపు ఆయన చెవి వెనక ఎండిన నురగ మీద ఒక్క క్షణం ఆగింది.

"మంచి రూళ్లు పెట్టారు. ట్యాంకరు దగ్గర నా కళ్లతో చూశాను. సెక్షన్ మీదే" అంది. సారు ప్రాణం లేచొచ్చింది. "కాకపోతే ఒక ఫిర్యాదుంది. చాలా తెలివైన ఫిర్యాదు. మీ రూలు ప్రకారం మీరే ఆ ఇంటికెళ్లి, జవాబు చదివి వినిపించి, తృప్తి కలిగిందో లేదో రాయించుకు రండి."

ఇంటి నంబరు గట్టిగా చదివింది. ఫిర్యాదుల అమ్మాయికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

సారు ఇంటికెళ్లి సొంత గుమ్మంలో నిలబడి, క్షమాపణ మొదటి నుంచి చివరి దాకా చదివారు. భార్య తలుపుకు ఆనుకుని ఒక్క మాటా వదలకుండా వింది. పెళ్లయ్యాక ఆయన ఇంత మర్యాదగా మాట్లాడటం ఆమె వినలేదు. నవ్వాపుకుంటూ ఫారం తీసుకుని, 'తృప్తి లేదు' అని రాసి సంతకం పెట్టింది.

తృప్తి లేదన్న ఇంటికి అధికారి వారంలోగా మళ్లీ వెళ్లాలని రూలు. హక్కుల సారు ఆ సాయంత్రమే వెళ్లారు, పై అంతస్తు వాళ్లను బతిమాలి తెచ్చుకున్న డ్రమ్ముతో.